కింది ఊరికి రెండో దారి: ఒక పీడకలల కేసు

ఈ కేసులో నేను రెండుసార్లు తప్పటడుగు వేశాను. రాయాలనిపించింది అందుకే. నేను క్లినికల్ సైకాలజిస్టుని. గోదావరి ఒడ్డున బొగ్గుబాయిలున్న ఒక పట్టణంలో, ఒక సైకియాట్రిస్టుతో కలిసి పనిచేస్తాను. ఆ మనిషీ, ఆయన భార్యా సరేనన్నాకే ఇది రాస్తున్నాను. వయసు, కుటుంబం, పని వివరాలు కొన్ని మార్చాను. కలలోంచి కూడా ఒకటి రెండు గుర్తులు తీసేశాను, ఎందుకంటే ఆ బాయిలో పనిచేసేవాళ్లు చదివితే ఎవరో ఇట్టే పట్టేస్తారు.

నేపథ్యం

ఆయనకు 46 ఏళ్లు. 20 ఏళ్లకు పైగా అండర్‌గ్రౌండ్ డ్యూటీ. ఇంట్లో తల్లి, భార్య, డిగ్రీ చదివే కొడుకు. మూడేళ్ల కిందట పనిచేసే చోట పైకప్పు కూలి, పక్కనున్న మనిషి చనిపోయాడు. ఈయన అప్పుడే నీళ్ల సీసా కోసం పదడుగులు వెనక్కి వచ్చాడట. ఈ సంగతి నాకు మొదటి రోజు తెలియలేదు. నాలుగో సిట్టింగులో, కొడుకు ఫీజు గురించి మాట్లాడుతూ మధ్యలో అనేసి, మళ్లీ ఫీజు మాటలోకి వెళ్లిపోయాడు. నేనూ అప్పుడు తవ్వలేదు. చెప్పేవాడు తనకు చెప్పాలనిపించినంతే చెప్పుకోవాలి.

విచిత్రం ఏమిటంటే ప్రమాదం జరిగిన రెండేళ్ల దాకా కలల బాధ లేదు. "ఏం కాలే మేడం, మంచిగనే పండేటోన్ని" అన్నాడు. మంచిగా పడుకోవడం వెనక రోజూ ఒక క్వార్టర్ మందు ఉంది. నా దగ్గరికి రాకముందటి నవంబరులో అయ్యప్ప మాల వేసుకుని మందు ఒక్కసారిగా మానేశాడు. రెండు మూడు రోజులు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. ఫిట్స్ రాలేదు, మతి తప్పలేదు. అదృష్టమే అనుకోవాలి, రోజూ తాగేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా అలా ఆపకూడదు. నాలుగో రాత్రి కల వచ్చింది.

మందు, కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశను అణచిపెడుతుంది. మానేయగానే ఆ దశ అణిచినంతా ఎగదన్నుతుంది. ఇది ఇంట్లోవాళ్లకు తెలిసే విషయం కాదు. వాళ్లకు కనిపించిందల్లా, మాలలో ఉన్న మనిషికి దెయ్యాల కలలు రావడం. నియమంలో ఏదో తప్పు జరిగిందన్నారు. ఆయనా అదే నమ్మాడు. ఇరుముడి దించి ఇంటికొచ్చాక మళ్లీ తాగాడు, కలలు తగ్గాయి. మానితే వచ్చాయి. ఇలా మూడుసార్లు. నా దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది నెలలు.

కింది ఊరు

కల గురించి అడిగితే మొదట ఒకటే మాట: "నిన్న ఏడ ఆగినో ఆడికెళ్లే మొదలైతది మేడం." ఒకే కల మళ్లీ మళ్లీ రావడం చాలామందిలో చూశాను. సీరియల్‌లా ముందుకు సాగే కల మాత్రం నాకు కొత్త.

మొదలు మామూలుగానే ఉంటుంది. తలకు లైటు, చేతిలో కర్ర, బాయి దిగుడు. కానీ ఎంత దిగినా లెవెల్ (పనిచేసే అంతస్తు) రాదు. చివరకు గోడలు విచ్చుకుంటాయి, కింద ఒక ఊరు కనిపిస్తుంది. పైన ఆకాశం ఉండాల్సిన చోట బొగ్గు పొర. అందులోంచి ఊరే నీటిబొట్లే చుక్కలు. వాగు ఎగువకు పారుతుంది. ఇళ్లకు తలుపులు ఉండవు, గుమ్మాల్లో మనుషులు వీపు తిప్పి నిలబడి ఉంటారు. వాళ్ల తలల మీద లైట్లు వెలుగుతూనే ఉంటాయి, కానీ ఆ వెలుగు పడ్డచోట చీకటి ఇంకా చిక్కనవుతుంది. ఊరి నడుమ మస్టర్ గది, అంటే హాజరు పిలిచే గది. అందులో ఒకటి కూర్చుని ఉంటుంది. దానికి పేరు పెట్టలేదు, "పెద్దది" అనేవాడు. దానికి లెక్కలేనన్ని చేతులు, ఒక్కో చేతిలో ఒక్కో టింబరు, అంటే గని కప్పుకు ఆసరాగా పెట్టే దుంగ. ఆ టింబర్ల మీదే ఊరి కప్పు నిలబడి ఉంది. అది మస్టర్ చదువుతుంది. ఒక పేరు పిలిచినప్పుడల్లా ఒక టింబరు తీసేస్తుంది.

ఆయన పేరు ఇంకా రాలేదు. రోజూ కొంచెం దగ్గరికి వస్తోంది.

"కింది ఊరు" అనే పేరు ఆయనదే. ఇది చెబుతున్నప్పుడు గొంతు మామూలుగా ఉంది, బొటనవేలు మాత్రం కుర్చీ చేతిని రాస్తూనే ఉంది. పగలు ఆ ఊరు ఉందని నమ్ముతాడా అని అడిగాను. "లేదు మేడం. లేస్తే కలే అని తెలుస్తది. తెలిసినా కాళ్లు వణుకుతయి" అన్నాడు. ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి. ఆ లోకాన్ని పగలు కూడా నిజమనుకుంటే మన ఆలోచన వేరే వైపు వెళ్లాలి.

మిగతా లక్షణాలు తేలిగ్గానే దొరికాయి. పెద్ద చప్పుడైతే ఉలిక్కిపడటం, చనిపోయిన మనిషి ఇల్లున్న సందులోకి వెళ్లకపోవడం, నిద్రంటేనే భయం. రాత్రి 11 గంటలకు టీ, టీవీ సౌండు, ట్యూబ్‌లైటు. మూడు గంటల నిద్ర. డ్యూటీకి నాగాలు. "ఆడనే ఉండిపోతే మంచిగుంటదేమో అనిపిస్తది" అని ఒకసారి అన్నాడు. ఇలాంటి మాట దాటేయకూడదు. చచ్చిపోవాలని ఉందా, ఎలాగో ఆలోచించారా అని సూటిగానే అడిగాను. ఆలోచన ఉంది, పథకం లేదు. మాత్రలు భార్య దగ్గర ఉండేలా మాట్లాడుకున్నాం. అర్ధరాత్రి నేను దొరకను కాబట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 ఆమె ఫోనులో సేవ్ చేయించాను.

నా మొదటి తప్పు

భార్య చెప్పిన ఒక సంగతి నన్ను పక్కదారి పట్టించింది. "నిద్రల లేస్తడు మేడం. కర్ర తీస్కొని స్లాబును కొడుతుంటడు."

కల వచ్చే దశలో ఒళ్లు కదలకుండా మెదడు కట్టిపడేస్తుంది. ఆ కట్టు తెగితే మనిషి కలలో చేసేది మంచం మీదే చేసేస్తాడు. ఆ జబ్బు ఎక్కువగా 50 దాటిన మగవాళ్లలో కనిపిస్తుంది, తర్వాత పార్కిన్‌సన్స్ వచ్చే వాళ్లూ అందులో ఎక్కువే. 46 ఏళ్లు, కర్ర, స్లాబు అనగానే నాకు అదే తట్టింది. హైదరాబాద్‌లో నిద్ర పరీక్షకు రాయమని సైకియాట్రిస్టుకు చెప్పాను. తేదీ దొరికేసరికి ఐదు వారాలు. ఆ ఐదు వారాలూ అసలు పని మొదలుపెట్టలేదు.

చేయాల్సింది ఫోనులో వీడియో తీయమనడం. చివరికి ఆమే తీసి చూపించింది. తెల్లవారుజామున మూడున్నర. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు, కళ్లు తుడుచుకున్నాడు, చెప్పులేసుకున్నాడు, తలుపు మూల నుంచి కర్ర తీశాడు. స్లాబు మీద ఒక చోట కొట్టి చెవి పెట్టి విన్నాడు. అడుగు జరిగి మళ్లీ కొట్టాడు. "ఏం చేస్తున్నవ్?" అని ఆమె అడిగితే, "ఏం లేదు, పండుకో" అని సరిగ్గానే జవాబిచ్చాడు.

మనిషి మెలకువలోనే ఉన్నాడు. బాయిలో పని మొదలుపెట్టే ముందు కప్పును కర్రతో కొట్టి చూస్తారు. గట్టిగా ఉంటే ఒక చప్పుడు, పొర విడి ఉంటే డొల్ల చప్పుడు. ఆయన ఇంటి కప్పును పరీక్ష చేస్తున్నాడు. అది నిద్ర జబ్బు కాదు, భయాన్ని చల్లార్చుకునే పని. చల్లారుతుంది కూడా, ఒక పది నిమిషాలు. అందుకే అది మానడు, అందుకే భయమూ పోదు. నిద్ర పరీక్షలోనూ ఆ జబ్బు జాడ కనిపించలేదు, గురకతో ఊపిరి ఆగడమూ లేదు.

అంతకు ముందు, ఆ మధ్య ప్రయత్నించినవి

ఇంట్లో చేసినవి ముందు చెప్పాలి. దిండు కింద ఇనుపముక్క, దర్గాలో తాయెత్తు, దిష్టి. తల్లి రోజూ సాయంత్రం గజేంద్రమోక్షం చదివేది. ఆ కథ వింటే పీడకలలు పోతాయని భాగవతంలోనే ఫలశ్రుతి ఉంది. వీటిలో దేన్నీ మానమనలేదు. ఆమె చదివే అరగంట ఇంట్లో టీవీ ఆగేది, ఈయన కదలకుండా కూర్చునేవాడు. నిద్రకు ముందు అంతకంటే మంచి అలవాటు నేనేం చెప్పగలను?

ఒక నమ్మకాన్ని మాత్రం వదల్లేదు. తెల్లవారుజాము కల నిజమవుతుందని మనందరం విన్నదే. ఆయనకు కల ఎప్పుడూ ఆ వేళకే వచ్చేది. దాంతో "పెద్దది" తన పేరు పిలవడం ఖాయమనుకున్నాడు. కాగితం మీద రాత్రిని గీసి చూపించాను. నిద్ర గంటన్నర, గంటన్నర చుట్లుగా తిరుగుతుంది. కలల దశ మొదటి చుట్టులో కొద్ది నిమిషాలే, తెల్లారే కొద్దీ సాగుతుంది. ఆ దశలోంచి లేస్తాం కాబట్టి ఆ కలే గుర్తుంటుంది. "అంటే అందరికీ తెల్లారంగనే పడతయా?" అన్నాడు. అవునన్నాను. నైట్ షిఫ్టు వారాల్లో కలలు ఎందుకు ఎక్కువవుతాయో కూడా ఆయనే అడిగాడు. పొద్దున ఏడింటికి పడుకుంటే ఒంటి గడియారం ప్రకారం అది కలల వేళే, పడుకున్న కాసేపటికే ఆ దశలోకి వెళ్లిపోతాం. ఆ రోజు మొదటిసారి కుర్చీ చేతిని రాయడం ఆగింది.

ఇక మందులు. ఎవరో మెడికల్ షాపులో అల్ప్రాజోలం అనే మత్తు మాత్ర ఇప్పించారు, దాని మీద క్వార్టర్ కూడా. రెండూ కలిస్తే ఊపిరికే ముప్పు. సైకియాట్రిస్టు దాన్ని వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించారు. దిగులు, ఆందోళన తగ్గించే సెర్ట్రలిన్ మొదలుపెట్టాక పగటి టెన్షన్, ఉలికిపాటు తగ్గాయి, కలలు మాత్రం ఇంకా రంగులద్దుకున్నాయి. ఆ మందుతో కొందరికి అలా అవుతుంది. తర్వాత ప్రాజోసిన్, రాత్రి 1 మిల్లీగ్రాము. అది అసలు రక్తపోటు మందు, పీడకలలకు వాడుకలో ఉంది. అయితే 2018లో 304 మంది మాజీ సైనికుల మీద వచ్చిన పెద్ద పరీక్షలో ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేమీ కనిపించలేదు. కొందరికి పనిచేస్తుందన్న అనుభవం ఉంది కాబట్టి చూద్దామనుకున్నాం. నాలుగో రాత్రి కర్ర తీసుకోవడానికి లేచి, కళ్లు తిరిగి పడ్డాడు. నిలబెట్టి చూస్తే బీపీ 90/60. బాయిలోకి దిగే మనిషి అలా పడితే? ఆపేశాం.

ఇక్కడ ఇంకో సంగతి. బావమరిది ఒకసారి విడిగా వచ్చి, "మెడికల్ అన్‌ఫిట్ అని రాసియ్యండి మేడం, పిలగానికి నౌకరి అస్తది" అన్నాడు. మా ప్రాంతంలో ఇది మామూలు అడుగుడే. ఆ రోజు ఇంటికెళ్తూ నాకు అనుమానం వచ్చింది, ఈ కింది ఊరు అంతా దీనికోసమేనా? మర్నాడు ఫైలు తీసి చూశాను. ఆయన ఏ సర్టిఫికెట్టూ అడగలేదు. పనిలో ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని భయం. అబద్ధం చెప్పేవాడు కర్రతో స్లాబు కొట్టడం కనిపెట్టి చెప్పడు. అన్‌ఫిట్ నిర్ణయం మెడికల్ బోర్డుది, నేను చూసింది మాత్రం రాస్తానని బావమరిదికి చెప్పాను. కొన్నాళ్లు సర్ఫేస్ మీద, అంటే బాయి బయట, ఒకే షిఫ్టు ఇవ్వమని సైకియాట్రిస్టు రాశారు, అది దొరికింది. అనుమానపడ్డ సంగతి ఆయనకు నెలల తర్వాత చెప్పాను. "నేనైనా అట్లనే అనుకుందు" అన్నాడు.

నా రెండో తప్పు

పీడకలకు మేం వాడే పద్ధతి చెప్పడానికి చాలా తేలిక. మెలకువలో కలను తీసుకుని, ఎక్కడో ఒకచోట మార్చి, మార్చిన కలను పగలు రోజూ 10, 15 నిమిషాలు మనసులో నడిపించాలి. పాత కలతో కుస్తీ పట్టడం లేదు. పీడకల కొంతకాలానికి అలవాటుగా మారుతుంది, అలవాటును ఇంకో అలవాటుతో మార్చవచ్చన్నది ఆధారం. అమెరికాలో బ్యారీ క్రాకో బృందం 2001లో 168 మంది మహిళల మీద చేసిన పరీక్ష దీనికి బలం ఇచ్చింది.

నేను చేసిన పొరపాటు రెండు రకాలు. తేలికపాటి కలతో మొదలుపెట్టమంటారు. నేను నేరుగా మస్టర్ గదికి వెళ్లాను. మారిన కల ఆయన చెప్పాలి. నేను రాసిచ్చాను. అందులో ఆయన పెద్దదాని చేతిలోంచి టింబరు లాక్కుంటాడు, అది కూలిపోతుంది, కప్పు పగిలి సూర్యుడు కనిపిస్తాడు. రాసినప్పుడు నాకు బాగానే అనిపించింది.

పది రోజులు బుద్ధిగా సాధన చేశాడు. వారానికి ఐదు రాత్రులు వచ్చే కల ఏడు రాత్రులూ వచ్చింది. ఒక రోజు కాగితం మడిచి టేబుల్ మీద పెట్టి, "ఇది మీ కల మేడం. ఆ సూర్యుడు సినిమల సూర్యుని లెక్కున్నడు. టింబరు గుంజితే కప్పు పడదా?" అన్నాడు.

పడుతుంది. 20 ఏళ్లు బాయిలో పనిచేసిన మనిషి చేత నేను టింబరు పీకించాను.

పనికొచ్చింది

తర్వాతి వారం రాయడం మానేసి గీయమన్నాను. పాత క్యాలెండరు కాగితం వెనక కింది ఊరి మ్యాపు గీశాడు. నాలుగు సిట్టింగులు పట్టింది. దిగుడు, వాగు, వీపు తిప్పిన మనుషుల వరస, నీళ్ల తొట్టి, మస్టర్ గది. మైన్ ప్లాన్ చూసిన చెయ్యి కదా, కొలతలు వేసినట్టే గీశాడు. నేను ప్రశ్నలు మాత్రమే అడిగాను. ఇక్కడ నేల ఎలా ఉంటుంది? చల్లగా ఉంటుందా? గాలి ఎటు నుంచి?

గాలి ప్రశ్న దగ్గర ఆగాడు. చాలాసేపు మ్యాపు చూశాడు. "దీనికి ఒక్కటే దారి ఉన్నది" అన్నాడు. "రెండో దారి లేకుంట బాయి నడవొద్దు మేడం. రూలు."

నిజమే. మన దేశంలో బొగ్గుగనికి బయటికి కనీసం రెండు దారులు ఉండాలన్నది చట్టం. అది నాకు అప్పటికి తెలియదు. తెలియకపోవడమే మంచిదైంది.

ఆ దారి ఎక్కడుంటుందో ఆయనే తేల్చాడు. బయటి గాలి లోపలికి వచ్చే దారిలో గాలి ముఖానికి కొడుతుంది. దారి తప్పితే గాలికి ఎదురు నడవాలని కొత్తలో సర్దార్ (గనిలో పని చూసే పెద్ద) చెప్పాడట. నీళ్ల తొట్టి దగ్గర ఎడమకు నీలం పెన్నుతో ఒక ఇంక్లైన్, అంటే పైకి వెళ్లే ఏటవాలు దారి, గీశాడు. కొత్త కల ఇంతే: మస్టర్ గది వైపు వెళ్లడు. తొట్టి దగ్గర ఆగుతాడు, ముఖానికి గాలి తగిలేదాకా తిరిగి చూస్తాడు, ఎదురు నడుస్తాడు. బయటికి చేరడం కూడా రాయలేదు. "నడుస్తుంట, చాలు" అన్నాడు. గెలుపు లేదు, పెద్దది అలాగే కూర్చుని ఉంది. నా చేతులు ఏదో కలపాలని ఆరాటపడ్డాయి, ఆపుకున్నాను.

సాధన పొద్దున స్నానం చేశాక, పెరట్లో కూర్చుని. పడుకునే ముందు వద్దన్నాను, ఆ వేళ కలను తలచుకుంటే నిద్ర భయం పెరుగుతుంది. కర్ర సంగతి విడిగా చూశాం. రాత్రి లేచాక పది నిమిషాలు ఆగి కొట్టడం, తర్వాత పావుగంట, తర్వాత ఒకే చోట కొట్టడం. భార్య గడియారం చూసేది. కర్ర పెరట్లోకి వెళ్లడానికి ఏడు వారాలు పట్టింది.

మూడో వారంలో కల వచ్చింది, కానీ తొట్టి దగ్గర ముఖానికి ఏదో చల్లగా తగిలిందట. నడిచాడా అంటే లేదు, మెలకువ వచ్చేసింది. ఐదో వారంలో నడిచాడు. పది వారాలకు కలలు వారానికి ఒకటి, ఎప్పుడైనా రెండు. ఆరు నెలలకు నెలలో ఒకటో రెండో. నిద్ర ఆరు గంటలకు చేరింది. మందు మానడం మాత్రం ఇంత తిన్నగా సాగలేదు. మధ్యలో రెండుసార్లు తాగాడు, రెండుసార్లూ తనే వచ్చి చెప్పాడు.

నేర్చుకున్నవి

తాగుడు మానినవాళ్లు పీడకలలు వస్తున్నాయంటే ఇప్పుడు నేను ముందే చెప్పేస్తున్నాను, కొన్ని వారాలు ఇలా ఉంటుందని. ఆ ఒక్క మాట ఈయనకు మాలలో ఉన్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే తప్పు చేశానన్న బరువు ఉండేది కాదు. కొన్ని వారాలు దాటినా తగ్గకపోతే కింద ఇంకేదో ఉందని వెతకాలి. రాత్రి ప్రవర్తన గురించి ఇంట్లోవాళ్లు చెబితే, పరీక్షకు రాసే ముందు వీడియో అడుగుతున్నాను. కలను మార్చే పనిలో పెన్ను అవతలి మనిషి చేతిలోనే పెడుతున్నాను. ఒక చేపలు పట్టే ఆయనకు, ఒక కుట్టుపనామెకు కూడా ఇలాగే చేశాను. వాళ్ల పనిలోని జాగ్రత్తల్లోంచే మార్పు వచ్చింది. మూడు కేసులతో సూత్రం కట్టేయను.

తేలనిది ఒకటుంది. మస్టర్ చదివే ఆ గొంతు ఎవరిదో ఆయన ఇప్పటికీ చెప్పలేదు. నీళ్ల సీసా సంగతి గురించి మేం మాట్లాడుతున్నాం, నెమ్మదిగా. చనిపోయినాయన ఇల్లున్న సందు చివరిదాకా ఒకసారి వెళ్లి వచ్చాడు, లోపలికి వెళ్లలేదు.

పోయిన సిట్టింగులో, ఈసారీ మాల వేసుకుంటానన్నాడు. "వేసుకునేటప్పుడు భయం లేదు మేడం, ఇడిచినంకనే" అన్నాడు. మాల తీసే వారానికి రెండు సిట్టింగులు ఇప్పుడే రాసి పెట్టుకున్నాం. ఇరుముడి దించి వచ్చే రోజు సాయంత్రం తల్లి గజేంద్రమోక్షం చదవాలి, కొడుకు ఇంట్లోనే ఉండాలి. మ్యాపు ఫైలులో ఉంది. ఈసారి వెళ్తూ దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాడు.